నీటి మీద పెంకు

పలక ముక్కు తడి ఇసుకలో దిగబడి, ఉన్నచోటనే నిలిచిపోయింది. దానిమీద ఉన్న 12 ఏళ్ళ కుర్రవాడు మాత్రం నిలువలేకపోయాడు. వచ్చిన వేగంతోనే ముందుకు ఎగిరి, కుడిచేయి చాచి బోర్లా పడ్డాడు. వెనుదిరుగుతున్న అల అతని వీపుమీదుగా పారి, చెవుల నిండా నురుగు నింపి, ఏమీ ఎరుగనట్లు సముద్రంలో కలిసిపోయింది.

ఒడ్డున మడత కుర్చీలో కూర్చున్న వృద్ధుడు లేచి పరుగెత్తాడు. 67 ఏళ్ళ వయస్సులో ఇసుకమీద పరుగు అంత సులభం కాదు. పైగా అది ఆయన ఎరిగిన తీరమూ కాదు. కాలిఫోర్నియా రాష్ట్రంలో, లాగునా బీచ్ అనే చిన్న పట్టణంలోని విక్టోరియా తీరం అది. 2018 జూన్ మాసం. ఏటవాలుగా ఉన్న ఆ ఇసుక అడుగు వేసినకొద్దీ కాలికింద జారిపోతున్నది.

కుర్రవాడు లేచి కూర్చున్నాడు. ఏడవలేదు. మణికట్టు పట్టుకొని, తాతగారి ముఖంవంక చూచి, తనకు వచ్చిన కొద్దిపాటి తెలుగులో ఒక్క మాట అన్నాడు: “బోర్డు బాగాలేదు, తాతయ్యా.”

మనుమడి చేయి బెణికినందుకు ఆయన బాధపడ్డాడు. ఆ మాట విన్నందుకు అంతకంటె ఎక్కువ బాధపడ్డాడు. ఆ పలకను చేసినది ఆయనే. యాభై ఏళ్ళపాటు పడవలు చేసిన చేతులవి.

ఆయనది తూర్పు గోదావరి తీరం. కాకినాడకు దక్షిణంగా, గౌతమీ గోదావరి సముద్రాన్ని సమీపించే చోట, మడ అడవుల అంచున తాళ్ళరేవు ఉన్నది. పక్కనే కోరంగి. ఒకప్పుడు బర్మాకు వెళ్ళే ఓడలు ఆ రేవునుండి బయలుదేరేవి. బర్మాలో తెలుగువారికి ‘కోరంగీలు’ అనే పేరు స్థిరపడటానికి ఆ రేవే కారణం. 1839 నవంబరులో వచ్చిన పెనుతుఫాను, దానితోపాటు విరుచుకుపడిన ఉప్పెన కోరంగి వైభవాన్ని తుడిచిపెట్టాయి. రేవు పోయినా, కొయ్యతో పడవలు కట్టే విద్య మాత్రం ఆ చుట్టుపక్కల మిగిలింది.

ఆయన తన 14వ ఏట తండ్రి వెంట బాడిత పట్టాడు. కాగితంమీద గీత గీయకుండానే పడవ నడుము ఎంత వెడల్పు ఉండాలో, ముక్కు ఎంత లేవాలో కంటితో చెప్పగలిగే పనివారిలో ఆయన ఒకడయ్యాడు. పలకల సందుల్లో దూది దట్టించి, గుగ్గిలం కాచి పూసి, పడవను నీటిలోకి దింపే రోజున ఆయనకు కొత్త పంచె పెట్టేవారు. తరువాత ఫైబరు పడవలు వచ్చాయి. అచ్చులో గాజునార పరచి, రసాయనపు జిగురు పోసి ఆరబెడితే పడవ సిద్ధం. తేలిక, మరమ్మతు తక్కువ. వాటిని కొనుక్కొన్న జాలరులను తప్పుపట్టడానికి వీలులేదు. పని తగ్గుతూ తగ్గుతూ, చివరకు పాత పడవలకు మాట్లు వేయడం మాత్రం మిగిలింది. ఆ పనిని అందుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఒక్కతే కుమార్తె, చదువుకొని, పెళ్ళి చేసుకొని అమెరికా వెళ్ళిపోయింది.

2017 చివరలో ఆయన భార్య మరణించింది. ఒంటరిగా ఉన్న తండ్రిని కుమార్తె మరుసటి ఏప్రిల్‌లో సందర్శకుల వీసామీద ఆరు నెలలకు తన ఇంటికి రప్పించుకొన్నది. ఆ ఇల్లు ఇర్వైన్ నగరంలో ఉన్నది. అక్కడినుంచి కొండల నడుమ ఉన్న దారివెంట కారులో వెళితే అరగంటలో లాగునా సముద్రతీరం చేరవచ్చు.

ఇర్వైన్‌లో ఆయనకు లోటేమీ లేదు. పని మాత్రం లేదు. ఉదయం ఎనిమిది గంటలకల్లా ఇల్లు ఖాళీ అయ్యేది. సాయంకాలం మనుమడు బడినుంచి వచ్చేవాడు. కుర్రవాడికి తెలుగు అర్థమవుతుంది. బదులు మాత్రం ఇంగ్లీషులో చెబుతాడు. తాతగారికి ఇంగ్లీషు రాదు. “అన్నం తిన్నావా, నాన్నా?” “తిన్నాను.” ఇంతటితో ఇద్దరి సంభాషణ ముగిసేది. ప్రేమ లేక కాదు. దానిని మోసుకుపోయే బండి లేక.

ఆ బండి ఒక జారుడు పలక రూపంలో వచ్చింది.

కుర్రవాడు చాలా రోజులుగా తండ్రిని స్కిమ్‌బోర్డు కొనిపెట్టమని అడుగుతున్నాడు. మంచి పలక వందల డాలర్ల ధర ఉండటంవల్ల, వచ్చే ఏడాది చూద్దామని తండ్రి వాయిదా వేస్తున్నాడు. ఒకనాటి సాయంకాలం కుర్రవాడు ఫోనులో ఆ ఆట చూస్తుండగా తాతగారు పక్కన చేరాడు. సర్ఫింగ్ చేసేవాడు సముద్రంలో అలకోసం కాచుకొని, దానిమీద ఎక్కి ఒడ్డుకు వస్తాడు. ఈ ఆట దానికి తలక్రిందులు. ఆటగాడు పలక చేతపట్టుకొని ఒడ్డున నిలబడతాడు. అల విరిగి పరచుకొని, వెనక్కు తీసే సమయంలో నీటివైపు పరుగెత్తుతాడు. ఇసుకమీద మిగిలిన పలుచని నీటిపొరమీద పలకను వదలి, దానిమీదికి అడుగువేసి, జారుతూ వెళ్ళి ఎదురు వచ్చే అలను కలుసుకొంటాడు. నేర్పరి అయితే అక్కడ మలుపు తిరిగి, ఆ అలతోపాటే ఒడ్డుకు తిరిగి వస్తాడు.

తాతగారు ఒకే ఒక ప్రశ్న అడిగాడు: “దీన్ని కొయ్యతో చేయవచ్చునా?”

చేయవచ్చు. అసలు ఆ ఆట పుట్టినదే కొయ్యమీద. 1920లలో ఇదే లాగునా తీరంలోని ప్రాణరక్షకులు కొయ్యపలకలమీద ఇలా జారుతూ పొద్దుపుచ్చేవారని చెబుతారు. చాలాకాలం అది ఇంట్లో చేసుకొన్న పలకలతో సాగిన పిల్లల ఆట. 1976లో టెక్స్ హైన్స్, పీటర్ ప్రియెటో అనే ఇద్దరు యువకులు ఆ ఊళ్ళోనే విక్టోరియా పేరుతో పలకల తయారీ సంస్థను నెలకొల్పారు. ఆ తరువాత నురుగు దిమ్మ, గాజునార, కార్బన్‌నార కొయ్య స్థానాన్ని ఆక్రమించాయి. పడవలకు జరిగినదే పలకలకూ జరిగిందని విని వృద్ధుడు నవ్వుకొన్నాడు.

మరుసటి ఆదివారం అల్లుడుగారు ఆయనను కొయ్యసామాను అమ్మే పెద్ద దుకాణానికి తీసికొని వెళ్ళాడు. ఆ దేశానికి వచ్చాక మొదటిసారిగా ఆయనకు అన్నీ అర్థమైనట్లు తోచింది. అక్కడ కూడా కొలతలు అడుగులు, అంగుళాలే. ప్లైవుడ్ అంచును గోటితో గీకి, వాసన చూచి, ముప్పాతిక అంగుళం మందం ఉన్న పలక ఏరుకొన్నాడు. ఉలి, చిత్రిక, గరుకు కాగితం కొన్నారు. కారు నిలుపుకొనే కొట్టు మూడు రోజుల్లో వడ్రంగి కొట్టమైంది. కుర్రవాడు బడినుంచి వచ్చి, చిత్రికకింద రాలిన కొయ్యపొట్టు చుట్టలు ఏరుకొంటూ కూర్చునేవాడు. పనిముట్ల పేర్లు తెలుగులోనే నేర్చుకొన్నాడు. వాటికి ఇంగ్లీషు పేర్లు అతనికీ తెలియవు.

పలక తయారైంది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. ముందుభాగం చేపమూతిలా సన్నగా కూరుకొన్నది. అడుగుభాగాన్ని చిత్రికపట్టి, పడవ పొట్టవలె నున్నగా గుండ్రం చేశాడు. పైన వార్నిషు మూడు పూతలు పూశాడు. బరువు ఆరు కిలోలకు తక్కువ ఉండదు. చూచినవారు దానిని గోడకు తగిలించుకోవచ్చునన్నారు. నిజానికి అదే దానికి తగిన స్థానమని విక్టోరియా తీరంలో తేలిపోయింది.

కుమార్తెకు కోపం వచ్చింది. కుర్రవాడి మణికట్టుకు రెండు వారాలు కట్టు ఉంచాలన్నారు. “ఈ వయస్సులో మీకెందుకు నాన్నా ఈ తాపత్రయం? వాడికి ఏదైనా అయితే?” అన్నది. ఆయన జవాబు చెప్పలేదు. పనిముట్లు తుడిచి, పాత తువ్వాలులో చుట్టి, అటకమీద పెట్టేశాడు. నాలుగు రోజుల తరువాత కొట్టంలోకి వెళ్ళి చూస్తే, పలక అంచు ఉబ్బి పొరలు విడిపోతున్నాయి. ప్లైవుడ్‌కు నీరు పైనుంచి ఎక్కదు. కోసిన అంచులనుంచి ఎక్కుతుంది. పడవ సందులను అంత శ్రద్ధగా మూసినవాడు ఈ అంచును వార్నిషుకు వదిలేశాడు. ఫైబరు పడవల జిగురుకు దగ్గరి చుట్టమైన రసాయనాన్ని పూయమని దుకాణంలోని వ్యక్తి చెప్పినా, ఆయన వద్దన్నాడు. తన వృత్తిని మింగిన పదార్థాన్ని తన చేతితో ముట్టుకోవడం ఆయనకు ఇష్టంలేకపోయింది. ఆ పంతం ఖరీదు ఇప్పుడు కళ్ళెదుట ఉబ్బి కనిపిస్తున్నది.

ఇర్వైన్‌లో మనుషులు తవ్విన సరస్సులు ఉన్నాయి. ఆయన ఉదయం వాటి గట్టున నడిచేవాడు. ఒకనాడు, బడికి సెలవులు కావటంవల్ల, చేతికట్టుతో కుర్రవాడూ వెంట వచ్చాడు. ఇద్దరూ మౌనంగా నడిచారు. గట్టున పడివున్న ఒక చదునైన రాయిని వృద్ధుడు అలవాటుకొద్దీ తీసికొని, నడుము వంచి, నీటికి సమాంతరంగా విసిరాడు. రాయి నీటిని తాకి లేచింది. మళ్ళీ తాకి లేచింది. ఐదు గంతులు వేసి మునిగింది.

కుర్రవాడు కేకవేశాడు. తానూ ఒక రాయి ఎడమచేతితో విసిరాడు. అది బుడుంగున మునిగింది.

“ముక్కు కిందికి పెడితే మునుగుతుందిరా. ముందు అంచు కొంచెం పైకి ఉండాలి,” అన్నాడు తాతగారు. తమ ఊరి చెరువుమీద చిన్నప్పుడు కుండపెంకులతో తాను ఆడిన ఆటను వివరించాడు. పెంకు బరువుగా ఉండరాదు. గుండ్రని పొట్ట ఉండరాదు, చదునుగా ఉండాలి. ముందు అంచు లేచి ఉండాలి. అన్నిటికంటె ముఖ్యం, వేగం తగ్గరాదు.

చెబుతూ చెబుతూ ఆయన ఆగిపోయాడు. చేతిలోని రాతిని తిప్పి చూచాడు. తాను ఇన్నాళ్ళూ ఒక పడవను చేసి, పెంకువలె ప్రవర్తించమని దానిని అడిగాడు.

ఆయన గ్రహించినది శాస్త్రజ్ఞులు చెప్పినదే. పడవ నీటిని పక్కకు నెట్టి, ఆ నీటి బరువుకు సమానమైన ఆధారంమీద తేలుతుంది. కదలకుండా ఉన్నా తేలుతుంది. జారుడు పలక అలా తేలదు. మనిషి ఎక్కి నిలబడితే వెంటనే కూరుకుపోతుంది. వేగంగా పోతున్నప్పుడు, ముందు అంచు కొద్దిగా లేచిన పలక తన కింది నీటిని ముందుకు, కిందికి అదుముతుంది. ఆ నీరు ఎదురుతన్ని పలకను పైకి మోస్తుంది. పలకకూ ఇసుకకూ మధ్య నీరు పలుచగా ఉండటంవల్ల ఆ ఒత్తిడి మరింత హెచ్చుతుంది. వానలో తడిసిన రోడ్డుమీద వేగంగా పోయే కారు చక్రాలు నేలను విడిచి నీటిమీద జారేది ఈ కారణంవల్లనే. అడుగుభాగం గుండ్రంగా ఉంటే నీరు రెండు పక్కలకూ తప్పించుకొంటుంది. మోసే శక్తి తగ్గుతుంది. అడెలైడ్ విశ్వవిద్యాలయానికి చెందిన గణితవేత్త ఇ.ఓ. టక్, ఎ. డిక్సన్‌తో కలిసి 1989లో ఈ పలక చలనాన్ని గణితరీత్యా విశ్లేషించి పరిశోధన పత్రం ప్రకటించాడు. నీటిమీద రాయి గంతులు వేయడాన్ని లిడెరిక్ బోకే, క్రిస్టోఫ్ క్లానే మొదలైన ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పరిశీలించి, రాయికీ నీటికీ మధ్య 20 డిగ్రీల కోణం ఉన్నప్పుడు ఫలితం బాగుంటుందని 2004లో తెలియజేశారు. చెరువుగట్టు పిల్లలు ఆ కోణాన్ని డిగ్రీలలో ఎరుగరు, చేతితో ఎరుగుదురు.

ఆ రోజే పనిముట్లు అటకమీదినుంచి దిగాయి.

రెండవ పలకకు ఆయన మందమైన కొయ్య వాడలేదు. అంగుళంలో ఎనిమిదో వంతు మందం ఉన్న రెండు పలుచని ప్లైవుడ్ రేకులు తెచ్చాడు. 46 అంగుళాల పొడవు, 20 అంగుళాల వెడల్పు. ముందువైపు వెడల్పుగా, వెనుకకు వచ్చేసరికి సన్నంగా, నీటిబొట్టు ఆకారం. సగం ఆకారాన్ని మడత కాగితంమీద గీసి, కత్తిరించి విప్పితే రెండు పక్కలూ సమానంగా వచ్చాయి. ఆ కాగితాన్ని కత్తిరించినది కుర్రవాడు.

అసలు మెలకువ ముక్కు లేపడంలో ఉన్నది. కొయ్యను చెక్కి వంపు తేకూడదు, వంచి తేవాలి. రెండు రేకుల నడుమ తడికి ఊడని కొయ్య జిగురు పూసి, ఒకదానిమీద ఒకటి పేర్చి, నేలమీద పరచాడు. ముందుకొన కింద రెండంగుళాల ఎత్తు కొయ్యముక్క ఉంచాడు. ఇక మిగిలిన భాగాన్ని అంతటా సమంగా అదిమి ఉంచడానికి బరువు కావాలి. ఇటుకలు పెడితే నొక్కులు పడతాయి. వృద్ధుడు వంటింట్లోకి వెళ్ళి, సోనా మసూరి బియ్యం బస్తాలు నాలుగు మోసుకొని వచ్చాడు. 20 పౌండ్ల బస్తా పలక వంపును అనుసరించి తానే సర్దుకొన్నది.

సాయంకాలం ఇంటికి వచ్చిన కుమార్తె తన బియ్యం బస్తాలను కొట్టంలో చూచింది. తండ్రి, కొడుకు ఇద్దరూ తప్పుచేసినవారివలె నిలబడ్డారు. ఆమె చాలాసేపు పలకవంక చూచింది. చిన్నతనంలో తాళ్ళరేవు ఒడ్డున, సగం కట్టిన పడవల నీడలో ఆడుకొన్న పిల్ల ఆమె. ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి, మిగిలిన ఐదో బస్తాను తెచ్చి, ముక్కు వెనుక ఖాళీగా ఉన్నచోట పెట్టింది. అనుమతి ఆ రూపంలో లభించింది.

మరునాడు బస్తాలు తీస్తే ముక్కు కొంచెం వెనక్కు దిగింది. అయినా అంగుళంన్నర వంపు స్థిరంగా నిలిచింది. ఒకే మందపు కొయ్యను వంచితే మళ్ళీ చదును అవుతుంది. రెండు పలుచని పొరలను వంచి అతికిస్తే, ఒకదానిని ఒకటి వెనక్కు పోనివ్వదు. అంచులను గరుకు కాగితంతో గుండ్రంగా రుద్దారు. అడుగుభాగాన్ని మాత్రం చదునుగానే ఉంచారు.

చివరగా ఆ రసాయనపు జిగురు. తేనెరంగులో ఉన్న ద్రవాన్ని గట్టిపరచే మందుతో కొలతప్రకారం కలపాలి. చేతికి తొడుగులు, ముఖానికి గుడ్డ కట్టుకొని, కొట్టం తలుపులు బార్లా తెరచి ఆయన ఆ పనికి పూనుకొన్నాడు. అంచులకు మొదట పూశాడు. కొయ్య దాహంతో ఉన్నట్లు పీల్చుకొన్నది. మళ్ళీ పూశాడు. ఆరిన తరువాత రుద్ది, మొత్తం పలకకు మరొక పూత వేశాడు. ప్లైవుడ్ పొరలోని రేఖలు అద్దంలో చూచినట్లు పైకి తేలాయి. “ఇది చెడ్డది కాదు,” అన్నాడు వృద్ధుడు చాలాసేపటికి. ఎవరితో అన్నాడో మనుమడికి తెలియలేదు.

కొత్త పలక బరువు మొదటిదానిలో సగమైనా లేదు. కాలు జారకుండా పైభాగానికి మైనం రుద్దారు. అడుగుభాగానికి ఏమీ పూయలేదు.

ఆగస్టు నెలలో మళ్ళీ సముద్రానికి వెళ్ళారు. ఈసారి తొందరపడలేదు. అలలు చిన్నవిగా ఉన్న రోజు చూచుకొని, నీరు తీసిన వేళకు, ఇసుక వాలు తక్కువగా ఉన్నచోటు ఎంచుకొన్నారు. ఒడ్డున విరిగే అల ఆ తీరంలో చాలా ప్రమాదకరమైనది. మనిషిని ఎత్తి ఇసుకకు కొట్టగలదు. అందువల్ల అలజోలికి పోకుండా, మోకాలు కూడా తడవని నీటిపొరమీద, తీరం వెంబడి జారడం మాత్రమే మొదట నేర్చుకోవాలని తల్లి షరతు పెట్టింది. అక్కడ ఆడుతున్న ఒక యువకుడు కుర్రవాడిని గమనించి, రెండు మాటలు చెప్పాడు. పలకను ముందుకు విసరకూడదు. పరుగెత్తుతూ, చేతికి దగ్గరగా, చదునుగా నీటిమీద వదలాలి. దానిమీదికి గెంతకూడదు, పరుగులోని తరువాతి అడుగు దానిమీద పడాలి.

తాతగారు కొలతలు చేపట్టాడు. కుర్రవాడు పలక ఎక్కినచోట ఒక గవ్వ, ఆగినచోట ఒక గవ్వ పెట్టి, నడుమ ఉన్న దూరాన్ని బారలలో కొలిచేవాడు. బార అంటే రెండు చేతులూ చాచినంత పొడవు. పడవపనిలో తాళ్ళను, నీటి లోతును ఆయన జీవితమంతా అలాగే కొలిచాడు. మొదటి రోజు ఒక బార. వారం తరువాత మూడు బారలు. ఆ తరువాత ఎన్నిసార్లు ప్రయత్నించినా మూడు దాటలేదు. పలక ముందుకు దూసుకుపోయేది; కుర్రవాడు వెనక్కు పడేవాడు. లేకపోతే పలక ఆగిపోయేది. కుర్రవాడు ముందుకు తూలేవాడు. సెప్టెంబరు వచ్చింది. అక్టోబరులో తాతగారి తిరుగుప్రయాణం.

ఆయన కుర్చీ విడిచి, నీటి అంచున ఇసుకలో కూర్చొని, ఒక సాయంకాలమంతా మనుమడి కాళ్ళనే చూచాడు. అప్పుడు తెలిసింది. కుర్రవాడు బాగానే పరుగెత్తుతున్నాడు. పలకను బాగానే వదులుతున్నాడు. అడుగువేసే ముందు మాత్రం ఒక్క క్షణం వేగం తగ్గిస్తున్నాడు. జూన్‌లో పడిన దెబ్బ మణికట్టునుంచి పోయింది, కాలిలో మిగిలింది. ఆ ఒక్క క్షణంలో పలక అతనికంటె ముందుకు పోతున్నది. ఒక కాలు పలకమీద పడేసరికి రెండవ కాలు ఇంకా ఇసుకనే పట్టుకొని ఉంటున్నది.

“రెండు పడవలమీద కాళ్ళు పెట్టకూడదురా, నాన్నా,” అన్నాడు.

కుర్రవాడికి ఆ సామెత తెలియదు. రెండు పడవలు ఎక్కడున్నాయని చుట్టూ చూచాడు. వృద్ధుడు నవ్వి, ఇసుకలో రెండు పడవలు గీశాడు. తమ ఊరి రేవులో పడవ కదిలాక పరుగెత్తుకువచ్చే మనిషిని గురించి చెప్పాడు. ధైర్యంగా ఎక్కేవాడు ఎక్కుతాడు. వద్దనుకొన్నవాడు గట్టున క్షేమంగా ఉంటాడు. ఒక కాలు గట్టునా, ఒక కాలు పడవలోనూ ఉంచి ఆలోచించేవాడే నీళ్ళలో పడతాడు. “వద్దనుకొంటే ఆగిపో. అందులో తప్పులేదు. వెళ్ళాలనుకొంటే రెండు కాళ్ళతో వెళ్ళు.”

తరువాతి మూడు పరుగులలో కుర్రవాడు పలకను వదలనేలేదు. అంచుదాకా వచ్చి ఆగిపోయాడు. తాతగారు ఏమీ అనలేదు. నాలుగవసారి ఆగలేదు. పలక నీటిని తాకిన చప్పుడు, దానివెంటనే రెండు పాదాల చప్పుడు వినిపించాయి. ఆపైన ఏ చప్పుడూ లేదు. తడి ఇసుకమీద, బొటనవ్రేలి మందమైనా లేని నీటిమీద, మోకాళ్ళు వంచి, చేతులు చాచి, కుర్రవాడు నిశ్శబ్దంగా జారిపోయాడు. పలక వెనుక నీరు రెండు పాయలుగా లేచి పడింది. వేగం తగ్గి పలక ఇసుకను తాకేవరకు అతడు పడలేదు.

తాతగారు గవ్వనుంచి గవ్వకు కొలిచాడు. తొమ్మిది బారలు. నమ్మకం కలగక మళ్ళీ కొలిచాడు.

కాకినాడ తీరంలో సూర్యుడు సముద్రంనుంచి లేస్తాడు. లాగునాలో సముద్రంలోకి దిగుతాడు. వెలుగు తగ్గేవరకు ఇద్దరూ అక్కడే ఉన్నారు. విక్టోరియా తీరంలో కొండరాళ్ళను ఆనుకొని, 1926లో కట్టిన 60 అడుగుల బురుజు ఒకటి ఉన్నది. పైనున్న ఇంటినుండి సముద్రానికి దిగే మెట్లు దాని లోపల ఉన్నాయి. దాని నీడ ఇసుకమీద సాగి పలుచబడేవరకు కుర్రవాడు పరుగెత్తుతూనే ఉన్నాడు. అన్నిసార్లూ నిలువలేదు. అయితే, పడిన ప్రతిసారీ ఎందుకు పడ్డాడో తానే చెప్పగలిగాడు. బరువు ముందుకు పోయిందనో, నీరు చాలలేదనో అన్నాడు; పలక బాగాలేదని ఒక్కసారి కూడా అనలేదు.

ప్రయాణానికి ముందటి ఆదివారం తల్లి షరతు సడలించింది. కుర్రవాడు మొదటిసారి చిన్న అలను ఎదుర్కొన్నాడు. పలక అతనిని అలదాకా తీసికొని వెళ్ళింది. మలుపు మాత్రం చేతకాలేదు. అల అతనిని ఎత్తి, పక్కకు పడవేసింది. నీళ్ళు ఉమ్ముతూ, నవ్వుతూ లేచాడు. కుమార్తె ఊపిరి పీల్చుకొన్నది. వృద్ధుడు మొదటి పలకను గురించి అడిగితే, దానిని తన గదిలో గోడకు తగిలించుకొన్నానని కుర్రవాడు చెప్పాడు.

విమానాశ్రయంలో ఆయన మనుమడి తలపై చేయివేసి, “వెళ్ళివస్తాను, నాన్నా,” అన్నాడు.

“వెళ్తున్నావు కదా, తాతయ్యా. వస్తాను అంటావేం?” అని కుర్రవాడు అడిగాడు. ప్రశ్న మొత్తం తెలుగులోనే వచ్చింది. వెళ్తానని ఊరక అనకూడదు, తిరిగి రావడం కూడా ఆ మాటలోనే ఉండాలని తల్లి వివరించింది.

డిసెంబరులో ఒక ఉదయం తాళ్ళరేవులో ఆయన ఫోను మోగింది. అక్కడ అప్పటికి సాయంకాలం. గాలి హోరుమీదుగా కుర్రవాడి గొంతు వినిపించింది.

“తాతయ్యా, వెళ్ళి వచ్చాను.”

ఎక్కడికని ఆయన అడగబోయి, అర్థమై ఆగిపోయాడు. అలదాకా వెళ్ళి, మలుపు తిరిగి, ఒడ్డుకు వచ్చాడు.

“ఎన్ని బారలురా?”

“నువ్వు లేవు కదా. ఎవరు కొలుస్తారు?”

“నీకు చేతులు లేవా?” అన్నాడు వృద్ధుడు. “చాచి కొలుచుకో. ఎవరి బార వారిదే.”